టెంక పారేయకు, కొమ్మ మరవకు



ఇంకొన్ని రోజుల్లో వేసవి సెలవులు ఇస్తారు. అందరం పెట్టెలు సర్దుకొని ఊళ్లకు పోతాం. పోయిన రోజు నుంచీ మామిడిపండ్లే పండ్లు. తినడం, టెంకను ఎటు పడితే అటు విసరడం. ఈసారి పాఠం ఆ టెంక గురించే. టెంక నుంచి ఇంటి దగ్గర చెట్టు పెంచడం ఎట్లా, టెంక మనకు ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు అనే సంగతులు రాస్తున్నాను. ఇందులో సగం సైన్సు పుస్తకంలోది. మిగతా సగం నేను చెడగొట్టుకొని నేర్చుకున్నది.

1. టెంక పండు అంటే ఏమిటి?

మామిడిపండును కోసి చూస్తే మూడు పొరలు కనపడతాయి. పైన తోలు. దీన్ని బాహ్యఫలకవచం అంటారు. మధ్యలో మనం తినే గుజ్జు మధ్యఫలకవచం. లోపల గట్టి పెంకు అంతఃఫలకవచం. ఈ పెంకునే మనం టెంక అంటున్నాం. టెంక లోపల ఉండే జీడి అసలు విత్తనం. ఇట్లా లోపలి పొర గట్టి పెంకు అయిన పండ్లను టెంకగల ఫలాలు అంటారు.

మన చుట్టూ టెంక పండ్లు చాలా ఉన్నాయి. రేగు, మొర్రి, బడి ముందు నీడకు వేసే బాదం అన్నీ ఇవే. కొబ్బరికాయ కూడా టెంక పండే. దాని మధ్య పొర పీచు, లోపలి పొర చిప్ప. అశ్వారావుపేట చుట్టూ ఎటు చూసినా కనపడే పామాయిల్ గెలలోని కాయ కూడా అంతే. దాని మధ్య పొరను పిండితే పామాయిల్ వస్తుంది. లోపలి టెంక పగలగొట్టి గింజను ఆడిస్తే ఇంకో రకం నూనె వస్తుంది.

మామిడి, జీడిమామిడి, మొర్రి, నల్లజీడి ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబం పేరు అనకార్డియేసి. మామిడి శాస్త్రీయ నామం మాంజిఫెరా ఇండికా.

2. నిద్రపోయే టెంక, నిద్రపోని టెంక

కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ వంటి చలి ప్రాంతాల్లో పీచ్, ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ అనే టెంక పండ్లు పండుతాయి. కొట్లలో అమ్మే ఆల్ బుకారా అంటే ఎండబెట్టిన ప్లమ్ పండే. ఆ టెంకలు నాటిన వెంటనే మొలవవు. పండు రాలేది వేసవిలో. వెంటనే మొలిస్తే లేత మొక్క మంచుకు చచ్చిపోతుంది. అందుకని ఆ విత్తనం నిద్రపోతుంది. తడి మట్టిలో రెండు మూడు నెలలు చలి తిన్న తర్వాతే దానికి మెలకువ వస్తుంది. అక్కడివాళ్లు వాటిని తడి ఇసుకలో కలిపి చలిలో దాచి, తర్వాత నాటుతారు. మన దగ్గర అంత చలి లేదు. ఒకవేళ మొక్క లేచినా సరిగా పూత పట్టదు. కాబట్టి ఆ టెంకల మీద ఆశ వద్దు.

మన మామిడి టెంక దీనికి పూర్తిగా తిరకాసు. మామిడి మాగి రాలే కాలానికే వానలు మొదలవుతాయి. అది ఆగవలసిన పని లేదు. జీడి నిండా తడి ఉంటుంది. ఆ తడి ఆరిపోతే ప్రాణం పోతుంది. పండులోంచి తీసిన టెంకను నెల రోజులకు మించి ఉంచితే మొలకెత్తడం కష్టం. ఎంత తొందరగా నాటితే అంత మంచిది.

ఈ మాట తెలియకే నేను మొదటిసారి చెడిపోయాను. ఆరో తరగతి అయిపోయిన సెలవుల్లో మా పెరట్లో చెట్టు టెంకలు ముప్పై ఏరాను. వడ్లు, జొన్నలు, కందులు ఎట్లా ఎండబోస్తారో అట్లనే ఎండబోశాను. సంచిలో కట్టి అటక మీద పెట్టి, బడి తెరిచాక హాస్టలుకు తెచ్చాను. ఆగస్టులో మొక్కలు నాటే రోజున అందరి ముందు గర్వంగా పాతిపెట్టాను. రోజూ పొద్దున్నే పోయి చూసేవాణ్ణి. ఒక్కటి కూడా లేవలేదు. నెల తర్వాత సైన్సు సారు ఒక టెంకను పగలగొట్టి చూపించారు. జీడి నల్లగా ముడుచుకొని ఉంది. “వడ్లు ఎండితే బతుకుతయ్, మామిడి ఎండితే చస్తది. అన్ని విత్తనాలకు ఒకటే పాఠం కాదురా” అన్నారు. ఇంకో టెంకలో పురుగు తిని పిండి చేసింది. దాన్ని టెంక పురుగు అంటారు. పిందె దశలోనే కాయ మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి పోయి జీడిని తింటుంది. పైకి కాయ బాగానే కనపడుతుంది.

3. టెంక నాటే పద్ధతి

ఏడో తరగతి సెలవుల్లో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఇరవై నాటితే పద్నాలుగు లేచాయి. పద్ధతి ఇది.

(అ) చెట్టు మీద బాగా తయారై మాగిన పండు టెంకనే తీసుకోవాలి. గాలికి రాలిన పచ్చికాయ టెంక పనికిరాదు. తిన్నాక పీచు పోయేటట్లు కడిగి, నీడలో ఒక రోజు ఆరబెట్టాలి. ఎండలో వద్దు.

(ఆ) బకెట్ నీళ్లలో వేయాలి. మునిగినవి మంచివి. తేలినవి తాలు, తీసి పారేయాలి.

(ఇ) టెంక పలుచని అంచు దగ్గర కత్తితో మెల్లగా విప్పి జీడిని బయటకు తీయాలి. ఇట్లా చేస్తే తొందరగా మొలుస్తుంది, లోపల పురుగు ఉందో లేదో కూడా తెలుస్తుంది. చిన్న తరగతుల తమ్ముళ్లు కత్తి పట్టవద్దు. పెద్దవాళ్లను అడగండి. విప్పలేకపోతే టెంకనే నాటవచ్చు. కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే.

(ఈ) ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి సంచిలో నింపాలి. సంచి అడుగు లోతన్నా ఉండాలి. కింద చిల్లులు ఉండాలి. పచ్చి పేడ కలిపితే చెదలు పడతాయి.

(ఉ) జీడి చిక్కుడు గింజలాగా వంపుగా ఉంటుంది. ఉబ్బిన వీపు పైకి, లోపలికి నొక్కుకున్న అంచు కిందికి ఉండేటట్లు పెట్టాలి. వీపు కొంచెం మట్టి పైకి కనపడినా పర్వాలేదు. నేను తెలియక కొన్నింటిని ఎట్లపడితే అట్ల పెట్టాను. వాటి కాండం కొడవలి లాగా వంకర తిరిగి వచ్చింది.

(ఊ) పైన ఎండుగడ్డి కప్పి, రోజూ కొద్దిగా నీళ్లు చల్లాలి. నీళ్లు నిలవకూడదు. రెండు మూడు వారాల్లో మొలక వస్తుంది. కొత్త ఆకులు రాగి రంగులో వాలిపోయి ఉంటాయి. రోగం అనుకొని పీకవద్దు. అవి తర్వాత పచ్చబడి నిలబడతాయి.

మామిడికి తల్లివేరు చాలా లోతుకు పోతుంది. సంచిలో ఏడాది దాటి ఉంచితే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అటువంటి చెట్టు పెద్దయ్యాక గాలికి ఆగదు. అందుకని మరుసటి వానాకాలానికల్లా భూమిలో పెట్టాలి. మూడడుగుల గుంత తవ్వి, పై మట్టిలో ఎరువు కలిపి నింపాలి. చెట్టుకు చెట్టుకు ముప్పై అడుగుల ఎడం ఉండాలి. నీళ్లు దొరకని పోడు చేలల్లో అయితే గుంత ముందే తవ్వి, అందులోనే నేరుగా టెంక పెట్టడం ఇంకా మంచిది. వేరు తెగకుండా నేరుగా కిందికి పోతుంది.

మేకలకు మామిడి చిగురంటే ప్రాణం. నావి పద్నాలుగు లేస్తే ఐదింటిని ఒకే మధ్యాహ్నం మేక తినిపోయింది. చుట్టూ రేగు కంప పెట్టాలి. ఎండాకాలంలో మొక్క పక్కన అడుగున చిన్న చిల్లి ఉన్న కుండను పాతి, చిల్లిలో గుడ్డపేలిక దూర్చి నీళ్లు పోస్తే మెల్లగా తడుస్తూ ఉంటుంది.

4. తల్లి తెలుసు, తండ్రి తెలియదు

ఇప్పుడు మా చెట్టు సంగతి చెప్పాలి. మా ఇంటి వెనక ఒక నాటు మామిడి ఉండేది. మా నాయనమ్మ కాపురానికి వచ్చేటప్పటికే అది కాస్తున్నదట. పండు చిన్నది, పీచు ఎక్కువ. కానీ రసం బెల్లంలాగా ఉండేది. అందుకే ఊరంతా బెల్లపు మామిడి అనేవాళ్లు. కొత్త మామిడి పండుగ చేసేదాకా ఎవరూ దాని కాయ కోసేవాళ్లు కారు. కరువు ఏళ్లలో దాని జీడిని కూడా నానబెట్టి అంబలి కాచుకున్నామని నాయనమ్మ చెప్పేది. ఆ చెట్టుకు నడుము దగ్గర తొర్ర పడింది, చెదలు పట్టింది. అది పోయేలోపల దాని పిల్లల్ని పెంచాలని నా ఆశ.

మేక తినగా మిగిలిన తొమ్మిది మొక్కలను మా మేనమామకు చూపించాను. ఆయన నర్సరీలో పని చేసి వచ్చినవాడు. చూసి నవ్వాడు. “అల్లుడూ, మొక్కలు మంచిగున్నయ్. కానీ వీటికి బెల్లపు కాయ కాస్తదని రాసివ్వలేను” అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ చెట్టు టెంకకు ఆ కాయ కాక ఇంకేం కాస్తుంది?

మామ చెప్పింది, తర్వాత సారు చెప్పింది కలిపి రాస్తున్నాను. మామిడి పూత ఒక్కో గెలలో వందలు, వేలు పూలు ఉంటాయి. వాటిలో కాయ అయ్యేవి కొన్నే. ఈగలు, ఇతర పురుగులు ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు మోస్తాయి. జీడిలో సగం గుణం తల్లి చెట్టుది, సగం గుణం ఎక్కడి చెట్టు పుప్పొడిదో. తల్లి తెలుసు, తండ్రి తెలియదు. అందుకే ఒకే తల్లి పిల్లలు ఒకే రకంగా ఉండరు, మన ఇండ్లల్లో లాగానే. బంగినపల్లి టెంక పెడితే బంగినపల్లి రాదు. పుల్లటిది రావచ్చు, పీచుది రావచ్చు, ఒక్కోసారి తల్లికంటే మంచిదీ రావచ్చు. పైగా టెంక మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. కేరళ వైపు ఒలూర్, వెల్లైకొలంబన్ వంటి రకాల్లో ఒకే టెంక నుంచి రెండు మూడు మొక్కలు లేస్తాయి. దీన్ని బహుపిండత అంటారు. వాటిలో ఎక్కువ మొక్కలు తల్లి కణాల నుంచే పుడతాయి కాబట్టి తల్లిలాగే కాస్తాయి. మన బంగినపల్లి, రసాలు ఆ జాతివి కావు. ఒక టెంకకు ఒకటే మొక్క.

మరి ఇన్ని బంగినపల్లి చెట్లు ఒకే రుచితో ఎట్లా కాస్తున్నాయి? అన్నీ అంట్లే. మంచి చెట్టు కొమ్మను తెచ్చి వేరే మొక్క మీద అతికిస్తారు. ఆ కొమ్మ నుంచి ఇంకో కొమ్మ, దాని నుంచి మరొకటి. ఆ పండుకు పేరు నంద్యాల జిల్లా బనగానపల్లె నుంచి వచ్చింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ అన్నింటికంటే మొదటిది? అది ఎవరో తిని వేసిన టెంక నుంచో, రాలిన పండు నుంచో లేచిన మొక్కే అయి ఉంటుంది. మన పాత రకాల్లో చాలావరకు అట్లా పుట్టినవే. కాబట్టి టెంక మొక్క పనికిరానిది కాదు. అది కొత్త చెట్టు. గట్టి వేరు దాని ఆస్తి. పాత రుచి కావాలంటే మాత్రం పాత చెట్టు కొమ్మ కావాలి.

“ఈ వానాకాలం కొమ్మ కట్టిద్దాం, నాలుగు లేత మొక్కలు తయారుగా ఉంచు” అని మామ అన్నాడు. నేను బడికి వచ్చేశాను. అయ్య పొలం పనుల్లో పడ్డాడు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాం.

5. చెట్టు పడ్డ రోజు

పోయిన ఏడాది, ఎనిమిది అయిపోయిన సెలవుల్లో, మే నెల మూడో వారంలో మళ్లీ టెంకలు పెట్టాను. జూన్ మొదట్లో మొలకలు వచ్చాయి. ఇంక రెండు రోజుల్లో బడి తెరుస్తారనగా సాయంత్రం గాలివాన వచ్చింది. బెల్లపు మామిడి నడుము దగ్గర విరిగి పశువుల కొట్టం పక్కన పడింది. మనుషులకు, పశువులకు ఏమీ కాలేదు. నాయనమ్మ మాత్రం వానలోనే పోయి దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. రాలిన కాయలు ఏరుకోవడానికి ఊరి పిల్లలంతా వచ్చారు. నేను ఏరలేకపోయాను.

అయ్య రాత్రికి రాత్రే మామకు కబురు పంపాడు. మామ పొద్దున్నే వచ్చాడు. ఆకులు ఇంకా వాడలేదు. తొమ్మిది కొమ్మలు కోశాడు. కోసిన కొమ్మలను తడిగుడ్డలో చుట్టి అరటిదొప్పలో పెట్టాడు. నా మొలకల్లో రెండు వారాల లోపువి పదకొండు ఉన్నాయి. అప్పుడు కట్టినదే టెంక అంటు. దీన్ని స్టోన్ గ్రాఫ్టింగ్ అని కూడా అంటారు. పద్ధతి ఇట్లా.

(అ) మొలక వయసు పది, పదిహేను రోజులు ఉండాలి. కాండం ఇంకా రాగి రంగులో లేతగా ఉండాలి.

(ఆ) అంటు కొమ్మ కాపు కాసే చెట్టు కొన నుంచి తీసుకోవాలి. మూడు నాలుగు నెలల వయసు, జానెడు లోపు పొడవు, మొలక అంత లావు. కొన మొగ్గ ఉబ్బి ఉండాలి. తీరిక ఉంటే వారం పది రోజుల ముందే ఆకులు కత్తిరించి తొడిమలు మాత్రం ఉంచాలి. మాకు ఆ తీరిక లేదు. కోసిన రోజే ఆకులు తీశాం.

(ఇ) మొలకను టెంకకు రెండు మూడు అంగుళాల పైన అడ్డంగా కోసి, మధ్యలో అంగుళంన్నర లోతు నిలువుగా చీల్చాలి. కొమ్మ కింది కొసను రెండు వైపులా చెక్కి మేకులాగా చేసి ఆ చీలికలో దించాలి. బెరడుకు బెరడు తగలాలి. కత్తి పదునుగా, శుభ్రంగా ఉండాలి.

(ఈ) ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా చుట్టాలి. పైన ఐస్‌ఫ్రూట్ కవరు లాంటి సన్నని కవరు తొడిగి కింద కట్టాలి. లోపల తడి ఆరకుండా ఉంటుంది. నీడలో ఉంచాలి.

(ఉ) రెండు మూడు వారాల్లో కొన చిగురిస్తే కవరు తీయాలి. అంటు కింద వచ్చే చిగుళ్లను గిల్లివేయాలి. లేకపోతే అవే పెరిగి అంటును చంపుతాయి.

తొమ్మిది కట్టాం. నాలుగు వారం లోపే నల్లబడ్డాయి. మూడు చిగురించి ఎండిపోయాయి. రెండు బతికాయి. అనుభవం ఉన్నవాళ్లు సమయానికి కడితే ఇంతకంటే చాలా ఎక్కువ బతుకుతాయని మామ అన్నాడు. మాది పడిపోయిన చెట్టు, తొందర పని. ఇప్పుడు ఆ రెండు మొక్కలకు పది నెలలు. ఈ వానాకాలం నేలలో పెడతాం. దసరాకు నేను ఇంటికి పోతే నాయనమ్మ వాటిని చూపించి, “ఇది మన చెట్టేనా బిడ్డా?” అని అడిగింది. “వేరు కొత్తది, చెట్టు మనదే” అని చెప్పాను.

6. మిగతా టెంకలు

రేగు, మొర్రి టెంకలు మామిడి అంత తొందరగా చావవు. కానీ పెంకు చాలా గట్టి. లోపలి గింజకు దెబ్బ తగలకుండా మెల్లగా పగలగొట్టి నాటితే బాగా మొలుస్తాయి. అడవి రేగు మొక్క మీద గంగరేగు కన్ను అంటు కట్టవచ్చు. మొర్రి పలుకుల కోసం కొమ్మలు నరకడం వల్ల అడవిలో మొర్రి తగ్గిపోతున్నది. కాయలు ఏరినప్పుడు గుప్పెడు టెంకలు నాటడం మన బాధ్యత.

7. ఈ సెలవుల్లో మన పని

మే నెల: మీ ఇంట్లో, మీ ఊళ్లో మంచి కాయ కాసే ముసలి చెట్టు ఏదో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. దాని రుచి, పేరు కూడా రాయండి. అంటు కట్టించాలనుకుంటే మూడో వారంలోనే కొన్ని టెంకలు పెట్టండి. తిన్న వారం లోపలే పెట్టాలి.

జూన్: మొలకకు రెండు వారాలు దాటక ముందే తెలిసినవాళ్లతో ఆ చెట్టు కొమ్మ కట్టించండి. ఊళ్లో ఎవరూ లేకపోతే అశ్వారావుపేటలోనే వ్యవసాయ కళాశాల ఉంది, పెద్దవాళ్లను తీసుకొని పోయి అడగవచ్చు. బడికి వచ్చేటప్పుడు ఇంకో ఐదు టెంకలు తడి ఇసుకలో పెట్టి తీసుకురండి. ఎండినవి వద్దు.

వార్డెన్ సార్లకు ఒక మనవి. మేము చేతులు, పళ్లేలు కడిగే నీళ్లు కాలువలో వృథాగా పోతున్నాయి. ఆ కాలువ పక్కన ఒక వరుస జాగా ఇప్పిస్తే టెంకలు పెడతాం. కంప మేమే కొట్టుకొస్తాం. నా రెండు అంట్లలో ఒకటి ఇంటికి, ఒకటి ఇక్కడికి అని నాయనమ్మను అడిగి ఒప్పించాను.

చివరగా ఒక మాట. మా చెట్టు కొమ్మ కోసుకోవడానికి ఏడాది టైము ఉండె. మేము వాడుకున్నది ఒక్క పొద్దు. అందరికీ ఆ ఒక్క పొద్దు కూడా దొరుకుతుందని లేదు. చెట్టు నిలబడి ఉండగానే కొమ్మ తీసుకోండి.

ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి సైన్సు సారుకు ఇవ్వండి)

1. ఎండబెట్టిన వడ్లు మొలుస్తాయి, ఎండబెట్టిన మామిడి టెంక మొలవదు. ఎందుకు?
2. కొబ్బరికాయలో మధ్యఫలకవచం ఏది, అంతఃఫలకవచం ఏది?
3. తీయటి మామిడి టెంక పెడితే పుల్లటి కాయ కాసింది. తప్పు ఎవరిది?
4. మీ ఊళ్లో పేరున్న ముసలి చెట్టు ఏది? దాని కొమ్మ ఎవరన్నా కట్టారా?

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి